గొట్టాల అన్నం

ఆమె ముఖం కంటే ఆమె వీపు నాకు ఎక్కువ గుర్తు.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి కిటికీకీ వాళ్ళ వంటింటి కిటికీకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. వెలుతురు కోసం నా కుట్టుమిషను ఆ కిటికీ పక్కనే వేసుకున్నాను. సాయంత్రం ఆరున్నరకు సూదిలోకి దారం ఎక్కిద్దామని తల ఎత్తితే ఎదురుగా పొయ్యి ముందు ఆమె వీపు, ఆ వీపు మీద ఒక కార్డు. కంపెనీ వాళ్ళు మెడలో వేసుకోమని ఇచ్చిన ఫొటో కార్డు అది. ఇంటికి రాగానే తీసి మేకుకు తగిలించే తీరిక కూడా ఉండేది కాదు ఆమెకు. పొయ్యి మీది గంజు గిన్నెలో పడకుండా వెనక్కి తిప్పి వీపు మీద వేసుకునేది. అందుకని నాకు రోజూ ఇద్దరు కనిపించేవాళ్ళు. అటు తిరిగి ఉల్లిగడ్డ కోస్తున్న ఆమె, ఇటు తిరిగి నన్నే చూస్తున్న ఫొటోలోని ఆమె. ఫొటోలో ఉన్నామె తీరికగా ఉండేది.

ఆమె పోయి నెల దాటింది. పేరు రాయను. ఈ సందులో నేను పేర్లు పెట్టి చెప్పిన కథలు చాలా ఉన్నాయి. వాటిలో నిజం ఎంతని ఎవరైనా అడిగితే నేనే తడుముకుంటాను. ఆమెను తీసుకుపోయి వాటి పక్కన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను జాకెట్లు కుడతాను. చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన ఎన్నడూ పోలేదు కాబట్టి కథలు అవసరమయ్యాయి. ఒకామె జాకెట్టు చేతి ముక్కను ఎలుక ఎత్తుకుపోయింది, అదీ కుడి చేతిదే, ఎడమదాన్ని వాసన కూడా చూడలేదు. ఇంకొకామె జాకెట్టు ఉతికి ఆరేస్తే పెద్దచెరువు మీది నుంచి వచ్చిన గాలికి లేచి రావిర్యాల దాకా ఎగిరిపోయింది. అక్కడ ఏదో కంపెనీ గేటు కాపలాదారు దాన్ని పక్క దేశం డ్రోన్ అనుకొని పట్టుకొని గదిలో వేసి తాళం పెట్టాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నవ్వారు. నవ్విన మనిషి ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది. ఇరవై ఏళ్ళ కుట్టుపనిలో నేను కనిపెట్టింది ఇదొక్కటే.

ఆమె మాత్రం నమ్మేదీ కాదు, నవ్వేదీ కాదు. కథను పరీక్ష చేసేది.

"అక్కా, ఎలుక ఎత్తుకపోయింది సరే. చేతి ముక్కకు నువ్వు పిన్నులు పెడ్తవ్ గద. గా పిన్నులు ఏడ పోయినయ్?"

"పిన్నులు మింగింది."

"మింగినంక ఎలుక బతికుందా, సచ్చిందా?"

"బతికే ఉంది. రాత్రి తిరుగుతుంటే గలగల చప్పుడైతది."

"గట్లయితే ఓకే," అనేది. అంటూ కుడిచేతి బొటనవేలితో గాలిలో చిన్న గీత గీసేది, ఏదో కాగితం మీద సంతకం పెట్టినట్టు. అప్పుడు నవ్వేది.

ఆ గీత ఆమె ఉద్యోగం నుంచి వచ్చింది. రావిర్యాల వైపు ఒక కంపెనీలో పని. బియ్యపు గింజంత సామానును కంటికి భూతద్దం పెట్టుకొని చూడాలి. గీత పడినా, నొక్కు పడినా పక్కన పెట్టాలి. బాగున్నవాటి పెట్టె మీద సంతకం చేయాలి. "నా సంతకం లేంది ఒక్క పెట్టె గూడ గేటు దాటదక్కా," అని నాతో కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. పదిసార్లూ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. ఇంట్లో ఏదీ ఆమె సంతకంతో కదిలేది కాదు మరి.

ఇంట్లో ఐదుగురు. భర్త శేరిగూడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. నెమ్మదైన మనిషి, ఎంత నెమ్మది అంటే అమ్మకూ భార్యకూ మాట పెరిగితే బస్సు తుడవడానికి బయటికి పోతాడు. బస్సు కాలేజీలో ఉన్నా సరే. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ట్యూషన్ నుంచి ఏడింటికి వస్తుంది, చిన్నది ఐదింటి నుంచి ఆకలి ఆకలి అని తిరుగుతుంది. ఇక అత్త. ఆమెను నేను పెద్దమ్మా అంటాను. రోజూ మధ్యాహ్నం మా గడప మీద కూర్చొని నా కథలు వినేది. నా దగ్గర జాకెట్టు కుట్టించుకోకుండానే అన్ని కథలూ విన్నది ఆమె ఒక్కతే.

కోడలు ఉద్యోగానికి పోతానన్నప్పుడు పెద్దమ్మ కాదనలేదు. ఒక మాట మాత్రం పెట్టింది, నా ముందరే. "పో బిడ్డా, నేనొద్దనను. గని దీపం పెట్టినంక గంట లోపల బువ్వ పళ్ళెంల ఉండాలె. నా కొడుకు గా రోడ్డు మీద దినమంత తిరిగొస్తడు. ఆకలితోని కూసోవెడితే నేనూకోను. ఎన్నడన్న తప్పిందంటే నౌకరి బందు."

కంపెనీ వ్యాను ఆమెను రోడ్డు మీద దింపేసరికి ఆరు దాటేది. అక్కడి నుంచి దాదాపు పరుగు. అన్నం, పప్పు, కూర, అత్తకూ భర్తకూ పిల్లలకూ మూడు రకాల రుచులు, ఉన్నవి రెండు పొయ్యిలు. మొదటి నెల రోజులు ఆ కిటికీ నుంచి మాడిన వాసనా, గిన్నెలు పడిన చప్పుడూ తప్ప ఇంకేమీ రాలేదు.

ఒకరోజు వేరే వాసన వచ్చింది.

చూస్తే పొయ్యి మీద ఒకటే గంజు. నూనెలో వెల్లుల్లి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు. అవి మెత్తబడ్డాక టమాటలు, క్యారెట్టు, బీన్సు. ఉప్పు, కారం. ఆ పైన పొట్లం చింపి పచ్చి పాస్తా గొట్టాలు అలాగే గుమ్మరించింది. నీళ్ళు పోసి వేలు పెట్టి చూసింది, మనం బియ్యానికి చూసినట్టే, గొట్టాల పైన ఒక గణుపు. మూత పెట్టింది. మూత పెట్టాక పిల్లల యూనిఫాం నానబెట్టి వచ్చింది, దీపం పెట్టి వచ్చింది, నాతో కిటికీలోంచి రెండు మాటలు మాట్లాడింది. తీసేసరికి నీళ్ళు లేవు. గరిటె వెనక వైపు కొంచెం తీసుకొని ఎడమ అరచేతిలో వేసుకొని నాకింది. కొత్తిమీర చల్లింది. గాలిలో గీత గీసింది.

పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. "గదేందే? పిల్లలు వేళ్ళకు తొడుక్కొని తినే గొట్టాలా?"

"గవి గాదత్తా. గోధుమల రవ్వతోని చేసినయ్. పాస్తా అంటరు. మా కంపెనీల పిల్ల చెప్పింది."

"గంజి వంపకుంటనే?"

"వంపేదేం లేదత్తా. రుచి మొత్తం గా నీళ్ళలనే ఉంటది. అన్నీ గందుల్నే ఇంకాలె."

పెద్దమ్మకు ఆ మాట నచ్చలేదు. వార్చని అన్నం అన్నమే కాదన్నది ఆమె పద్ధతి. కాని చిన్నది రెండోసారి పెట్టించుకుంది, పెద్దది పళ్ళెం నాకింది, కొడుకు తల ఎత్తకుండా తిన్నాడు. పెద్దమ్మ కూడా పళ్ళెంలో నాలుగు పెట్టించుకొని నిమ్మకాయ పిండుకొని తిన్నది. పళ్ళు సగం పోయిన నోటికి మెత్తగా హాయిగా ఉన్నట్టుంది. "గొట్టాల అన్నం మంచిగనే ఉన్నది తియ్," అన్నది. ఇంట్లో దానికి ఆ పేరే నిలిచింది.

వారానికి రెండుసార్లు, మూడుసార్లు ఆ ఒక్క గంజే ఆమె ఉద్యోగాన్ని నిలబెట్టింది. వ్యాను ఆలస్యమైన రోజు, ఒంట్లో బాగాలేని రోజు, పెద్దదానికి పరీక్షలున్న రోజు. అయితే ఒక సంగతి చెప్పాలి. ఆమెకు అది ఇష్టం లేదు. అందరూ తిన్నాక పొద్దుటి అన్నంలో పచ్చడి కలుపుకొని తినేది. "నాకెందుకో రబ్బరు నమిలినట్టుంటదక్కా," అని నాకొక్కదానికే చెప్పింది. "ఎవ్వలకు చెప్పకు. నాకే నచ్చలేదంటె ఆళ్ళు మూతి ముడుస్తరు."

పెద్దమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. కొడుకు బస్సు పట్టిన రోజున మొక్కుకున్నది, వాడు రోడ్డు మీద చల్లగా తిరిగి రావాలని. ఆ రోజు అన్నం ముట్టదు, గుడ్డుతో సహా నీసు ఏదీ దరిదాపుల్లోకి రానీయదు, పొద్దుగూకాక ఒక్కపూట గోధుమలతో చేసింది ఏదైనా తింటుంది. మునుపు చపాతీలు నానబెట్టుకొని తినేది. గొట్టాలన్నం వచ్చాక శనివారాలకు అదే ఖాయమైంది. ఉదయం నుంచే, "ఇయ్యాల ఏందే, గొట్టాలేనా?" అని చిన్నపిల్లలా అడిగేది. ఉపవాసం ఉండి దాని కోసం ఎదురు చూసేది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పెద్దమ్మకు తరువాత సిగ్గనిపించింది ఇలా ఎదురు చూసినందుకే.

ఇక నేను చేసిన పని.

ఒక శనివారం మధ్యాహ్నం ఒకామె జాకెట్టు కోసం వచ్చి నా మీద గట్టిగా అరుస్తోంది. సాయంత్రం పెళ్ళి, జాకెట్టుకు ఇంకా మెడ తీయలేదు నేను. పెద్దమ్మ గడప మీద కూర్చొని ఉంది. మధ్యలో ఊరికే, "మా ఇంట్ల ఇయ్యాల గొట్టాలన్నం, నా ఒక్కపొద్దుకు," అన్నది. "గదేంది?" అన్నది జాకెట్టు ఆమె. నాకు ప్రాణం లేచి వచ్చింది. దారం దొరికింది కదా అని పట్టుకున్నాను.

"గది ఏ దేశందో ఎరుకేనా? ఆడ ఒక్కొక్క ఇంటెనక వెయ్యి కోళ్ళుంటయ్. తెల్లారంగనె గుడ్లన్ని గాబుల పగలగొడ్తరు. పిండి పోసి కాళ్ళతోని తొక్కుతరు. సైకిల్ పంపు పెట్టి గాలి కొడితే గొట్టాలు గొట్టాలుగ బయటకొస్తయ్. మనం సేమ్యలు ఆరేసినట్టు దండేల మీద ఆరేస్తరు. కాకులు రాకుంట ఒక ముసలాయన కట్టె పట్టుకొని కూసుంటడు. గాయినె మీసాలకు గూడ గుడ్డు సొన అంటుకొని నిగనిగ మెరుస్తయ్."

జాకెట్టు ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. పెళ్ళికి పాత జాకెట్టు వేసుకుంటానని పోయింది. పెద్దమ్మ నవ్వలేదు.

"గుడ్డు కలుపుతరా?" అన్నది.

అక్కడ ఆపాల్సింది. ఆ ప్రశ్న కథ అడిగినట్టు లేదు, నిజం అడిగినట్టు ఉంది. నాకు తెలిసింది. తెలిసీ, "కలపకుంట గట్ల పచ్చగ ఎట్లుంటయ్ పెద్దమ్మా?" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. కథ బాగా నడుస్తున్నప్పుడు వెనక్కి తిప్పడం కష్టం, అది ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది. వీపు మీద ఆడే ఆ కార్డు అంటే నాకు కొంచెం కుళ్ళు ఉండేది. నాకంటే పదేళ్ళు చిన్నది, నా కిటికీ ముందే సంతకాలు చేసే మనిషి అయింది. నా జాకెట్ల మీద నా పేరు ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ గొట్టాలన్నం తినలేదు. ఆకలి లేదన్నది. మరుసటి శనివారం మళ్ళీ చపాతీలు తిన్నది. "ఏమైందత్తా?" అని కోడలు అడిగితే, "నోటికి సయిస్తలేదు," అన్నది. దాని కోసం ఎదురు చూసేదాన్నన్న సిగ్గుతో లోపల పెట్టుకున్నది. నేను పోయి, పెద్దమ్మా అది ఉత్తిదే అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఇవాళ పోదాం, రేపు పోదాం అనుకున్నాను, జాకెట్ల విషయంలో అనుకున్నట్టే.

మూడు వారాలకు పెద్దమ్మ కొడుకు నడిపే బస్సు సాగర్ రోడ్డు మీద అదుపు తప్పి పక్కకు దిగిపోయింది. పిల్లలను దింపి వస్తున్న ఖాళీ బస్సు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. అతని కాలు మాత్రం మోకాలు కింద రెండు చోట్ల విరిగింది.

దవాఖాన నుంచి పెద్దమ్మ తిరిగి వచ్చిన సాయంత్రం మిషను ఆపి విన్నాను. ఆపకపోయినా వినిపించేది.

"ఏడాది సంది నా ఒక్కపొద్దు మీద గుడ్డు తినవెట్టినవ్. నా మొక్కు చెడగొట్టినవ్. తొందర తొందరని, నౌకరి నౌకరని, ఏం కలిసిందో ఏం కలవలేదో సూడకుంట పొట్లం చింపి పోసినవ్. ఊరోళ్ళ సామాన్ల తప్పు దొరుకుతది గని ఇంట్ల గంజుల ఏమున్నదో నీ కండ్లకు కానరాలే!"

"గుడ్డేందత్తా? ఎవ్వలు చెప్పిన్రు?"

పెద్దమ్మ మా కిటికీ వైపు చూపించింది. కోడలు మొదటిసారి పొయ్యి వదిలి పూర్తిగా నా వైపు తిరిగింది. నేను తల దించుకొని, సూదిలో ఉన్న దారాన్నే మళ్ళీ ఎక్కించాను.

కాలు నయమయ్యేదాకా అయినా, ఆ తరువాత అయినా, ఇక ఉద్యోగం వద్దన్నది పెద్దమ్మ. ఇంట్లో పద్ధతిగా వండి పెట్టే మనిషి ఉండాలి. అతడు మంచం మీద కాలు ఎత్తి పెట్టుకొని గోడ వైపు చూస్తున్నాడు. తుడవడానికి బస్సు కూడా లేదు.

మరునాడు ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. రెండు కథలు కూడా అందుబాటులో పెట్టుకున్నాను.

"అక్కా, కంపెనీల నాకు వారం టైమిచ్చిన్రు. వస్తవా, మానేస్తవా చెప్పుమన్నరు," అన్నది. "అత్త చెడ్డది గాదక్కా, భయపడ్డది. నువ్వొచ్చి ఉత్తిగనే అన్న అని చెప్పు. నీకు దండం పెడ్త. గంతే, ఒక్క మాట."

నిజంగానే చేతులెత్తింది. ఆ చేతులు పట్టుకొని దించేశాను. దుకాణానికి పోయి పొట్లం కొన్నాను. దాని మీద ఇంగ్లీషులో రాసింది మా అమ్మాయితో రెండుసార్లు చదివించుకున్నాను. గోధుమ రవ్వ తప్ప ఏమీ లేదు. పైన పచ్చ చుక్క కూడా ఉంది.

వాళ్ళ ఇంట్లో అందరి ముందూ నిలబడి చెప్పాను. "పెద్దమ్మా, గా దినం నేను చెప్పింది అబద్ధం. ఇందుల గుడ్డు లేదు. ఇగో, గోధుమ రవ్వ. ఇగో, పచ్చ చుక్క. నీసు ఉంటే ఎర్ర చుక్క పెడ్తరు."

పెద్దమ్మ పొట్లం అటూ ఇటూ తిప్పింది. "నువ్వు పుట్టినంక ఎన్నడన్న నిజం మాట్లాడినవా? గా సుక్క నువ్వే స్కెచ్ పెన్నుతోని పెట్టినవేమో, ఎవలకెరుక?"

"నా పిల్ల మీద ఒట్టు పెద్దమ్మా. నేనే అల్లి చెప్పిన. వెయ్యి కోళ్ళు లెవ్వు, ముసలాయన లేడు."

"నా కొడుకు కాలు ఇరిగింది. గది గూడ అబద్ధమేనా?" అన్నది పెద్దమ్మ.

కథ నాది, విరిగిన కాలు వాళ్ళది. రెండూ కలిసి నిజమై కూర్చున్నాయి, విడదీయడం నాకు చేతకాలేదు.

బయటికి వచ్చాక సందులో ఆమె నాతో అన్న మాటలు ఇవి. కోపంగా అనలేదు, పని నేర్పేటప్పుడు మాట్లాడే గొంతుతో అన్నది.

"నీకు నిజం చెప్పుడు రాదక్కా. అబద్ధం చెప్పెటప్పుడు చేతులు తిప్పుతవ్, కండ్లు పెద్దగ చేస్తవ్, కోళ్ళు కనవడ్తయ్, ముసలాయన మీసాలు గూడ కనవడ్తయ్. ఇప్పుడు లోపల కట్టెలెక్క నిలవడి రేషను కార్డు చదివినట్టు చదివినవ్. నేనైతే పాస్ చెయ్యకపోదును."

నేను నవ్వాను. నవ్వాల్సింది కాదు. ఆమె నవ్వలేదు.

వారం తిరగకముందే మానేసింది. కార్డు తిరిగి ఇచ్చి రావడానికి ఒక్కతే పోయింది. వచ్చాక చీర మార్చుకొని బియ్యం ఏరుతూ కూర్చుంది. కాలు నయమై అతడు మళ్ళీ బస్సెక్కాడు. మళ్ళీ పోతానని ఆమె ఒకసారి అడిగినట్టుంది, ఆ చోట్లో వేరే మనిషిని పెట్టుకున్నారట. లేక అడగనేలేదేమో, నాకు సరిగ్గా తెలియదు. నాతో మాటలు తగ్గించలేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది. కిటికీలోంచి అంతకు ముందులాగే కూర గిన్నె అందించేది. నా కథలు వినేది. కాని పిన్నులు ఏమయ్యాయని అడగడం మానేసింది. ఏది చెప్పినా "అవునా," అనేది. చూడకుండానే దాటనిచ్చే మనిషి అయిపోయింది. కథలో ఇంత పెద్ద చిల్లు నేనే కావాలని వదిలిపెట్టి ఎదురు చూసిన రోజులున్నాయి.

అప్పుడప్పుడు చిన్నది మారాం చేసేది, గొట్టాలన్నం వండమని. "నాకు రాదు బిడ్డా, మర్చిపోయిన," అనేది. ఒకటిన్నర సంవత్సరం ఆ ఇంట్లో వేళకు అన్నం, పప్పు, రెండు కూరలు. వార్చిన అన్నం. ఎవరికీ ఏ లోటూ లేదు.

ఈ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు దవాఖానకు తీసుకుపోయారు, ఆరో రోజు తీసుకొచ్చారు. జ్వరానికీ నా కథకూ సంబంధం లేదు. డాక్టరు కూడా రక్తంలో ఏవో పడిపోయాయన్నాడు తప్ప ఇంకేమీ అనలేదు. అయినా ఈ సంబంధం లేదన్న మాట రోజుకు నాలుగైదుసార్లు నాకు నేను చెప్పుకుంటున్నాను. నా గొంతు నాకు తెలుసు కాబట్టి నమ్మడం కుదరడం లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో వంట అతనే చేస్తున్నాడు. డ్యూటీ దిగి వచ్చి, ఆ కాలు కొద్దిగా ఈడుస్తూ, పొయ్యి దగ్గర నిలబడతాడు. అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. పిల్లలు హోంవర్కు చేసుకుంటూ ఎదురు చూస్తారు. ఎనిమిదిన్నర అవుతోంది పళ్ళెంలో పడేసరికి. పెద్దమ్మ ఏమీ అనదు. ఎవరూ ఏమీ అనరు. అన్నం ఆలస్యమైనా ఊరుకోవడం ఇంత సులువా అని కిటికీ ఇవతల నేను కుట్లు విప్పి మళ్ళీ వేసుకుంటూ కూర్చుంటాను.

మొన్న శనివారం పెద్దమ్మ వచ్చింది. కోడలు పోయాక మా గడప తొక్కడం అదే మొదటిసారి. కూర్చుంది. చాలాసేపు మిషను చప్పుడు వింటూ ఉంది. నేను కథ ఏదీ ఎత్తుకోలేదు. ఆమె అడగలేదు.

"ఒక్క మాట అడుగుత, చెప్తవా?" అన్నది చివరికి.

మిషను ఆపాను.

"గా గొట్టాలల్ల గుడ్డు ఉండెనా, లేకుండెనా?"

ముసలి మనిషి, డెబ్బై దాటింది. లేదంటే, తప్పు లేని కోడలిని ఇంట్లో కూర్చోబెట్టానన్న బరువు మోసుకుంటూ ఇంటికి పోవాలి. ఉందంటే చల్లగా లేచిపోతుంది. ఉందని చెప్పడం నాకు ఎంత పని? వెయ్యి కోళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి, పిలిస్తే వస్తాయి. కాని ఉందంటే ఆ తప్పు పోయినామె మీదే ఉండిపోతుంది, ఇక తీసేవాళ్ళు ఉండరు. ఒకసారి ఆమె తరఫున చెప్పాను, ఆ రోజు చేతకాలేదు. ఈసారి చేతకావాలి అనుకున్నాను.

"లేదు పెద్దమ్మా," అన్నాను. "రవ్వంత గూడ లేదు. నేనే అల్లిన. గా పిల్ల తప్పు ఏం లేదు."

నమ్మదేమో అని ఇంకేదో చెప్పబోయాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెరుకే," అన్నది. "యాభై ఏండ్ల సంది గుడ్లు వండుతున్న. గుడ్డు వాసన నాకు తెల్వదా? ముందుగాల నువ్వు చెప్పంగ భయమైంది. దవాఖానల వాని కాలు పట్టుకొని కూసున్నప్పుడు ఆలోచన చేసిన. ఎన్నడు నీసు వాసన రాలే. గప్పుడే ఎరుకైంది."

"మరి నేనొచ్చి చెప్పిన దినం..."

"గప్పటికి ఎరుకే."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. వీధిలో ఎవరిదో బండి పోయింది, అది పోయేదాకా ఆగింది.

"కాలు ఎందుకిరిగిందంటే ఎవ్వలు చెప్పలే. పోలీసోళ్ళు చెప్పలే, డాక్టరు చెప్పలే. నా మొక్కుల లోపమేందో నాకు తెల్వలే. నువ్వు చెప్పింది చేతికి దొరికింది. ఎవలనో ఒకలను అనాలె గద బిడ్డా. అది ఎదురు మాట్లాడది, దాన్ని అన్న."

"అన్నీ ఎరుకై ఉండి ఇప్పుడెందుకు అడిగినవ్ పెద్దమ్మా?"

పెద్దమ్మ నన్ను చూడకుండా, గడప చెక్క మీద గోటితో గీస్తూ అన్నది.

"ఊరందరికి ఏమేమో చెప్తవ్. నాకు గూడ గుడ్డు ఉండెనంటవేమోనని వచ్చిన."

అన్నాక కూడా లేచిపోలేదు. నేను మాట మారుస్తానేమో అన్నట్టు అక్కడే కూర్చుంది. నేను మార్చలేదు.